బారుకి బోర్డెందుకమ్మా?

న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌ని చారిత్రక ప్రాంతంగా ప్రకటించింది 1969 ఏప్రిల్ 29న. ఆ హద్దుల్లోని భవనాలను అనుమతి లేకుండా పడగొట్టకూడదు, వీధివైపు రూపం మార్చకూడదు. సరిగ్గా రెండు నెలలకు, జూన్ 28 తెల్లవారుజామున, అదే హద్దుల్లో క్రిస్టఫర్ స్ట్రీట్‌లో ఉన్న స్టోన్‌వాల్ ఇన్ అనే గే బార్ మీద పోలీసులు దాడి చేశారు. అప్పట్లో అలాంటి దాడులు మామూలే. లైట్లన్నీ వేస్తారు, గుర్తింపు కార్డులు అడుగుతారు, కొందరిని వ్యాన్ ఎక్కిస్తారు, మిగతావాళ్ళు తలలు వంచుకుని ఇళ్ళకు పోతారు. ఆ రాత్రి మాత్రం ఎవరూ పోలేదు. బయట గుమిగూడారు, తిరగబడ్డారు. చివరికి పోలీసులే బార్ లోపల తలుపులేసుకుని కూర్చోవలసి వచ్చింది. ఆ గొడవ తర్వాతి రాత్రుల్లో కూడా సాగింది.

అంటే అందులో చరిత్ర జరగడానికి ముందే ఆ భవనానికి చట్టం అండ ఉంది. 1840లలో గుర్రపుశాలలుగా కట్టి, తర్వాత కలిపేసిన రెండు కట్టడాలవి. పాత వీధి అందం చెడకూడదని ఇచ్చిన రక్షణ అది. లోపల డాన్స్ చేసేవాళ్ళకు దానితో సంబంధం లేదు. అక్కడ జరిగినదాని కోసమే ఆ భవనాన్ని నగరం విడిగా ల్యాండ్‌మార్క్‌గా, అంటే కాపాడాల్సిన చారిత్రక కట్టడంగా, గుర్తించేసరికి 2015 వచ్చింది. జాతీయ స్థాయిలో కాస్త ముందు, 1999లో, చారిత్రక స్థలాల నేషనల్ రిజిస్టర్‌లోకి ఎక్కింది. ఎల్‌జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్) చరిత్ర కారణంగా ఆ జాబితాలో చేరిన మొదటి స్థలం అదే. 2016లో ఒబామా దాన్ని, ఎదురుగా ఉన్న చిన్న పార్కుతో కలిపి, జాతీయ స్మారకంగా ప్రకటించాడు.

ఇప్పుడు అంతా బాగానే ఉంది కదా అనొచ్చు. నా గొడవ ఆ నలభై ఆరేళ్ళ ఆలస్యం గురించి. ఇంకా చెప్పాలంటే, ఆ ఒక్క బార్‌ని కాపాడి మిగతా నగరాన్ని మర్చిపోవడం గురించి.

నేను జెర్సీ సిటీలో ఉంటాను. జర్నల్ స్క్వేర్ నుంచి మిడ్‌టౌన్ ఆఫీసులకు, న్యూజెర్సీ, న్యూయార్క్‌ల మధ్య నడిచే పాత్ (PATH) రైల్లో పోయేవాళ్ళలో తెలుగు మాట వినపడని రోజు ఉండదు. ఆ రైలు మాన్‌హాటన్‌లోకి రాగానే ఆగే మొదటి స్టేషన్ క్రిస్టఫర్ స్ట్రీట్. అక్కడ దిగి నడిస్తే స్టోన్‌వాల్‌కి అయిదు నిమిషాలు పడుతుంది. మనలో చాలామంది రోజూ ఆ వీధి కిందనుంచే ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోతుంటాం. ఆ మధ్య గుంటూరు నుంచి మా బాబాయ్ వచ్చినప్పుడు ఒక ఆదివారం అక్కడ దింపి నడిపించాను. ఆయన రిటైరైన లెక్చరర్, ఊళ్ళు చూడటమంటే ప్రాణం. స్టోన్‌వాల్ ముందు నిలబడి అటూ ఇటూ చూసి, "బారుకి బోర్డెందుకమ్మా? తాగే చోటు కూడా చరిత్రేనా?" అన్నాడు.

వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు. మన వైపు చాలామందికి వచ్చే సందేహమే ఇది కాబట్టి తీరిగ్గా చెప్పాలి.

1960లలో న్యూయార్క్ రాష్ట్రంలో మద్యం లైసెన్సులు ఇచ్చే సంస్థ, స్వలింగ ప్రేమికులు పోగయ్యే బార్‌ని "క్రమం తప్పిన చోటు"గా లెక్కేసేది. ఆ పేరుతో లైసెన్స్ పోయేది. దాంతో మామూలు ఓనర్లు వాళ్ళను దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. ఆ ఖాళీలోకి మాఫియా వచ్చింది. స్టోన్‌వాల్‌ని నడిపింది కూడా మాఫియా వాళ్ళే. లైసెన్స్ లేదు, ప్రైవేట్ క్లబ్బు అని పేరు, పోలీసులకు మామూళ్ళు, నీళ్ళు కలిపిన మందు. అయినా జనం వచ్చేవాళ్ళు. ఇంట్లో తెలిస్తే ఇల్లు పోతుంది, ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం పోతుంది, పార్కులో దొరికితే కేసు. ఇద్దరు మగవాళ్ళు చేతులు పట్టుకుని నిలబడగలిగే గది నగరం మొత్తంలో బార్ తప్ప ఇంకోటి దొరకడం కష్టం.

బాబాయ్‌ని అక్కణ్ణుంచి పక్క వీధికి తీసుకెళ్ళాను. వెస్ట్ టెన్త్ స్ట్రీట్‌లో జూలియస్ అని ఇంకో పాత బార్ ఉంది. నా దృష్టిలో స్టోన్‌వాల్ కన్నా అది చూడాలి. 1966 ఏప్రిల్ 21న మాటషీన్ సొసైటీ అనే గే హక్కుల సంఘం వాళ్ళు, డిక్ లైట్ష్, క్రేగ్ రాడ్వెల్, మరో ఇద్దరు, సూట్లూ టైలూ కట్టుకుని, పత్రికల వాళ్ళను వెంటబెట్టుకుని బార్ తర్వాత బార్ తిరిగారు. మేం హోమోసెక్సువల్స్‌మి, మర్యాదగా కూర్చుంటాం, మాకు మందు పొయ్యండి అని అడగడం వాళ్ళ పథకం. పొయ్యం పొమ్మని బార్ వాళ్ళంటే కోర్టుకెళ్ళొచ్చు. తమాషా ఏమిటంటే ముందు అడిగిన చోట్ల అభ్యంతరం లేకుండా పోసేశారు! చివరికి జూలియస్‌కి వచ్చారు. కొద్దిరోజుల ముందే అక్కడ పోలీసులు పడ్డారు కాబట్టి బార్టెండర్ భయపడ్డాడు. గ్లాసు ముందు పెట్టి, వీళ్ళ మాట వినగానే దాని మీద చెయ్యి మూసేశాడు. ఫ్రెడ్ మెక్‌డారా అనే ఫోటోగ్రాఫర్ ఆ క్షణాన్ని పట్టుకున్నాడు. వీళ్ళు చేసినదాన్ని "సిప్-ఇన్" అన్నారు, దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్ళకే వడ్డించే చోట్ల కూర్చుని చేసిన సిట్-ఇన్‌ల వరసలో.

ఆ బార్ ఇంకా నడుస్తోంది. కౌంటర్ ఉంది, బర్గర్లు దొరుకుతాయి. నగరం దానికి ల్యాండ్‌మార్క్ హోదా ఇచ్చింది 2022 డిసెంబర్‌లో. బాబాయ్ ఫోటో చూసి, "అయితే మా ఓరియంట్ హోటల్ లాంటిదన్నమాట" అన్నాడు. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్ కబుర్లు చెప్పేవాడు. మఖ్దూం లాంటి కవులు, పత్రికల వాళ్ళు, రాజకీయ నాయకులు కప్పు టీ మీద గంటలు గడిపిన చోటు. ఇప్పుడది లేదు. "ఉంటే నీకు చూపించేవాణ్ణి" అన్నాడు. ఆ తర్వాత బార్ గురించి మళ్ళీ అడగలేదు.

అయితే ఓరియంట్ హోటల్ పోయినా, దాని కథ బాబాయ్ నాకు చెప్పాడు. ఇక్కడే నా అసలు వాదన ఉంది. తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లకి ఊరి పేరు, ఇంటిపేరు, తాత చేసిన ఘనకార్యాలు, మేనత్త పెళ్ళిలో జరిగిన గొడవ, అన్నీ భోజనాల దగ్గరే అందుతాయి. తెలంగాణ పోరాటమైనా, ఆంధ్రోద్యమమైనా ఎవరో ఒక పెద్దాయన నోటినుంచే ముందు వింటాం, పుస్తకం తర్వాత. గే పిల్లవాడో, ట్రాన్స్ అమ్మాయో పుట్టేది అలాంటి చరిత్ర ఏమీ తెలియని ఇంట్లో. తనలాంటి వాళ్ళు తనకు ముందు ఉన్నారని అమ్మానాన్నలు చెప్పరు, వాళ్ళకే తెలీదు. పైగా న్యూయార్క్‌లో ఆ మాట చెప్పగలిగిన ఒక తరం మగవాళ్ళను ఎయిడ్స్ తీసుకుపోయింది. ఆ నగరంలో ఎయిడ్స్‌తో పోయినవాళ్ళు మొత్తం లక్ష మందికి పైగా. ఇంటినుంచి అందని కబురు వీధినుంచైనా అందాలి. అందుకే మిగతా చరిత్రలకన్నా ఈ చరిత్రకు స్థలం అవసరం ఎక్కువని నేను అంటాను. పుస్తకం కొనాలంటే ముందు ఏం వెతకాలో తెలియాలి. వీధిలో బోర్డు, ఏమీ తెలియకుండా నడిచిపోయేవాడికి కూడా కనపడుతుంది.

మరి ఇంతకాలం ఎందుకు కాపాడలేదంటే, భవనాలను కాపాడే పద్ధతే అలాంటిది. గొప్ప ఆర్కిటెక్ట్ కట్టాడా, స్తంభాలు బాగున్నాయా, గొప్పవాళ్ళు సొంత ఇంట్లో ఏళ్ళ తరబడి ఉన్నారా అని చూస్తారు. ఈ చరిత్ర అద్దె గదుల్లో, నేలమాళిగల్లో, మూడేళ్ళు నడిచి మూతపడిన ఆఫీసుల్లో జరిగింది. ఊస్టర్ స్ట్రీట్‌లో పాత ఫైర్ స్టేషన్ ఒకటుంది. 1971 నుంచి 1974 దాకా గే యాక్టివిస్ట్స్ అలయెన్స్ దాన్ని అద్దెకు తీసుకుని నడిపింది. శనివారం రాత్రి డాన్సులు, మిగతా రోజుల్లో మీటింగులు. 1974లో ఎవరో నిప్పు పెట్టారు. అంతటితో అయిపోయింది. అంత తక్కువ కాలానికి ల్యాండ్‌మార్కా అని ఎవరైనా అడగొచ్చు. అక్కడ డాన్స్ చేసినవాళ్ళను అడిగితే, పోలీసులూ మాఫియా లేని చోట మొదటిసారి ఊపిరి పీల్చుకున్నామంటారు.

2019 జూన్‌లో, స్టోన్‌వాల్‌కి యాభై ఏళ్ళు నిండడానికి కాస్త ముందు, నగరం ఒకేసారి ఆరు స్థలాలకు హోదా ఇచ్చింది. ఈ ఫైర్ స్టేషన్ వాటిలో ఒకటి. రచయిత జేమ్స్ బాల్డ్విన్ కుటుంబంతో ఉన్న ఇల్లు, స్టాటెన్ ఐలాండ్‌లో కవయిత్రి ఆడ్రి లార్డ్ తన భాగస్వామి, ఇద్దరు పిల్లలతో ఉన్న ఇల్లు, కెఫె చీనో అనే చిన్న నాటకాల కాఫీ షాపు, మహిళా విమోచన కేంద్రం, థర్టీన్త్ స్ట్రీట్‌లో 1987లో ఎయిడ్స్ మీద పోరాడిన ఆక్ట్ అప్ సంఘం పుట్టిన కమ్యూనిటీ సెంటర్. బాగుంది. కానీ ఏడేళ్ళ ముందే, 2012లో, స్ప్రింగ్ స్ట్రీట్ 186వ నంబర్ ఇంటిని పడగొట్టేశారు. 1970లలో గే ఉద్యమ నాయకులు కొందరు కలిసి బతికిన ఇల్లది. కాపాడమని చాలామంది అడిగారు. ల్యాండ్‌మార్క్ హోదా ఇచ్చే నగర కమిషన్ ఒప్పుకోలేదు. అప్పటికింకా ఆ చరిత్ర ఆ టేబుల్ మీద లెక్కలోకి రాలేదు.

నన్ను అన్నిటికన్నా పట్టుకున్న ఇల్లు మాత్రం ఆలిస్ ఆస్టెన్‌ది. స్టాటెన్ ఐలాండ్‌లో నీళ్ళ ఒడ్డున, న్యూయార్క్ హార్బర్ మొత్తం కనిపించేలా ఉంటుంది. పేరు క్లియర్ కంఫర్ట్. ఆలిస్ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వేల ఫోటోలు తీసిన ఫోటోగ్రాఫర్. గెర్ట్రూడ్ టేట్ అనే టీచరమ్మతో 1899లో పరిచయమైంది. 1917లో గెర్ట్రూడ్ వచ్చి ఆ ఇంట్లోనే ఉంది. షేర్ మార్కెట్ కుప్పకూలినప్పుడు ఆలిస్ ఆస్తి పోయింది. 1945లో ఇద్దరినీ ఇంటినుంచి ఖాళీ చేయించారు. ఆలిస్ కొంతకాలం నిరుపేదల ప్రభుత్వ ఆశ్రమం పాలైంది. 1952లో చనిపోయింది. పక్కపక్కనే సమాధులు ఉండాలని ఇద్దరూ కోరుకున్నారు, కుటుంబాలు ఒప్పుకోలేదు.

ఆ ఇల్లు 1993లోనే జాతీయ చారిత్రక ల్యాండ్‌మార్క్. ఫోటోల కోసం. గెర్ట్రూడ్ ఎవరో ఆ కాగితాల్లో చాలాకాలం సరిగ్గా లేదు, "స్నేహితురాలు" అంటే సరిపోయేది. 2017లో ఆ నామినేషన్‌ని సవరించి, ఇద్దరి సంబంధాన్ని కూడా ఆ ఇంటి ప్రాధాన్యంలో భాగంగా చేర్చారు. ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయలేను. వాళ్ళు బతికుండగా బయటికి చెప్పనిదాన్ని మనం బోర్డు మీద రాయొచ్చా? నేను తేల్చుకున్నది ఇదీ: గుట్టుగా బతికిన మనిషి గుట్టును చీల్చి చూడటం తప్పే. కానీ దాదాపు ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో, అందరి కళ్ళముందు కలిసి బతికిన ఇద్దరిలో ఒకరిని మ్యూజియం చెరిపేయడం గుట్టు కాపాడటం అవదు. పక్కనే సమాధి కావాలని అడిగారంటే వాళ్ళు దాచుకోవాలనుకోలేదని అర్థం.

ఇటుకలు నిలబెట్టినంత మాత్రాన అన్నీ నిలవవు, అదీ ఒప్పుకోవాలి. ల్యాండ్‌మార్క్ చట్టం భవనం ముఖాన్ని కాపాడుతుంది. అద్దె పెరగడాన్ని ఆపదు. సిప్-ఇన్‌లో ఉన్న రాడ్వెల్ 1967లో ఆస్కార్ వైల్డ్ పేరుతో పుస్తకాల షాపు పెట్టాడు. తర్వాత క్రిస్టఫర్ స్ట్రీట్ 15కి మారింది. 1970లో జరిగిన మొదటి ప్రైడ్ మార్చ్ (గే హక్కుల ఊరేగింపు) ఏర్పాట్లలో ఆ షాపు పాత్ర పెద్దది. 2009లో మూసేశారు. భవనం పదిలంగా ఉంది, పుస్తకాలే లేవు. సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రి సంగతి ఇంకా ఘోరం. 1984లో ఎయిడ్స్ రోగులకు ప్రత్యేక వార్డు తెరిచిన ఆసుపత్రి అది. వేరేచోట్ల ముట్టుకోవడానికే భయపడిన రోజులవి. 2010లో మూతపడింది. ఇప్పుడక్కడ కోటీశ్వరుల అపార్ట్‌మెంట్లు. వీధికి అవతలివైపు ముక్కోణపు స్థలంలో 2016లో ఎయిడ్స్ స్మారకం కట్టారు. అందంగానే ఉంది. స్మారకం కావలసి వచ్చిందంటే అసలుది దక్కించుకోలేకపోయామనే నాకు తోస్తుంది.

స్మారకాలు ఎవరిని చూపిస్తాయన్నది ఇంకో పేచీ. స్టోన్‌వాల్ ఎదుటి పార్కులో జార్జ్ సీగల్ చేసిన నాలుగు బొమ్మలున్నాయి, ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు, తెల్లగా సున్నం వేసినట్టుంటాయి. 1979లో చేయమని అడిగితే పార్కులో పెట్టేసరికి 1992 అయింది. మార్షా పి. జాన్సన్, సిల్వియా రివేరా లాంటి నల్లజాతి, లాటినో ట్రాన్స్ మనుషుల ఊరు అది. వాళ్ళెవరూ ఆ బొమ్మల్లో లేరు. సిల్వియా 1990లలో కొంతకాలం హడ్సన్ ఒడ్డున రేవుల దగ్గర, నిలువనీడ లేకుండా బతికింది. మార్షా శవం 1992 జూలైలో అదే నదిలో దొరికింది. ఆ రేవులు ఇప్పుడు జాగింగ్ చేసుకునే పార్కులు.

మన వాళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్‌లో 74వ వీధికి పచారీ సరుకులకో, నగలకో వెళ్ళని భారతీయ కుటుంబం ఇక్కడ అరుదు. అక్కణ్ణుంచి నాలుగు వీధులు నడిస్తే 78వ వీధి, 37వ ఎవెన్యూ కూడలి. 1990 జూలైలో హూలియో రివేరా అనే గే యువకుణ్ణి అక్కడి స్కూలు ఆవరణలో ముగ్గురు కుర్రాళ్ళు కొట్టి, పొడిచి చంపారు. దాని మీద మొదలైన నిరసనల కొనసాగింపే 1993లో వచ్చిన క్వీన్స్ ప్రైడ్. ఇప్పుడు ఆ కూడలికి అతని పేరుంది. అదే 1990లలో సాల్గా అనే దక్షిణాసియా లెస్బియన్, గే సంఘాన్ని మన స్వాతంత్ర్య దినోత్సవం పెరేడ్‌లో నడవనివ్వలేదు. పులిహోర కోసం చింతపండు కొనుక్కుని కారెక్కే మనకు ఆ వీధి బోర్డు మీద పేరు కనపడినా ఎవరిదో తెలీదు. ఇది వాళ్ళ అమెరికన్ల గొడవ అనుకుంటాం. కాదు, మన పెరేడ్‌లో మనమే గీసిన గీత కూడా ఆ ఊరి చరిత్రలో ఉంది.

ఇంతకీ ఈ చిరునామాలన్నీ ఎవరు పోగేశారు? ప్రభుత్వం కాదు. 1994లో, స్టోన్‌వాల్ ఇరవై అయిదేళ్ళ సందర్భంగా, గే, లెస్బియన్ ఆర్కిటెక్టుల సంఘం ఒక మ్యాప్ అచ్చేసింది. 2015లో ఆండ్రూ డాల్కర్ట్, కెన్ లస్ట్‌బేడర్, జే షాక్లీ కలిసి దాన్ని పెద్ద ప్రాజెక్టుగా మార్చారు. ఇప్పుడు నగరంలోని అయిదు బరోల్లో, అంటే అయిదు విభాగాల్లో, వందల స్థలాలు అందులో ఉన్నాయి. చాలా స్థలాల ఆనవాళ్ళు దొరికేది ఎక్కడంటే పోలీసు కేసుల్లో, బార్ లైసెన్స్ రద్దు కాగితాల్లో. వేధించినవాళ్ళే పద్దులు జాగ్రత్తగా రాసుకున్నారు.

ఆ పని ప్రభుత్వానికే వదిలేస్తే ఏమవుతుందో 2025 ఫిబ్రవరిలో చూశాం. స్టోన్‌వాల్ జాతీయ స్మారకం వెబ్‌సైట్‌లో ట్రాన్స్‌జెండర్ అనే మాట తీసేశారు. ఎల్‌జీబీటీక్యూలో చివరి రెండక్షరాలు, ట్రాన్స్, క్వీర్ మనుషులవి, మాయం. ఎవరో ఆఫీసులో కూర్చుని కీబోర్డ్ నొక్కితే సరిపోయింది. జనం మర్నాడే ఆ చిన్న పార్కులో నిలబడి అరిచారు. నిలబడటానికి ఆ పార్కు ఉంది, అందుకే అరవగలిగారు. వెబ్‌సైట్‌లో తీసేసినంత తేలిగ్గా పార్కుని తీసేయలేరు కదా.

ఇదంతా తెలిశాక హైదరాబాద్ గుర్తురాకుండా ఉండదు. నిజాం కాలంలో, ఫసలీ 1329లో, అంటే 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు, వాళ్ళ నివాసాలు ఒక రిజిస్టర్‌లో రాయాలి. ఆడవేషంలో, నగలతో వీధిలో కనపడినా, బహిరంగంగా పాడినా ఆడినా వారెంట్ లేకుండా అరెస్ట్ చేయొచ్చు. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, చట్టం మాత్రం పుస్తకాల్లో ఉండిపోయింది. ముగ్గురు ట్రాన్స్ ఉద్యమకారులు 2018లో కోర్టుకెళితే, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. నూట నాలుగేళ్ళు.

ఆ తీర్పు వచ్చినప్పుడు చాలామంది సంబరపడ్డారు, నేనూ పడ్డాను. తర్వాత నాకు తట్టిన సంగతి వేరు: మన నగరంలో ఈ మనుషుల చిరునామాలు రాయాలని చట్టం చెప్పింది ఆ రిజిస్టర్‌లోనే. వాళ్ళు సొంతంగా రాసుకున్న మ్యాప్ ఒకటి రావాలి. హిజ్రా గురువులు, వాళ్ళ చేలాలు (శిష్యులు) కలిసి బతికిన ఇళ్ళు, బధాయికి, అంటే శుభకార్యాల ఇళ్ళలో దీవెనలకు, వెళ్ళే పాత బస్తీ గల్లీలు, 2013లో మొదటి ప్రైడ్ నడిచిన దారి, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ మీద తీర్పు వచ్చిన 2018 సెప్టెంబర్ సాయంత్రం జనం పోగైన చోట్లు. ముసలి గురువులు బతికుండగానే అడగాలి, ఆ తర్వాత అడగడానికి ఎవరూ ఉండరు. న్యూయార్క్ పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకుంటే మాత్రం కుదరదు. అక్కడ బోర్డు పెడితే టూరిస్టులు వస్తారు. ఇక్కడ ఈ రోజుకీ మనుషులుంటున్న ఇంటికి బోర్డు పెడితే ఇల్లు ఖాళీ చేయమనే ఓనరో, రాళ్ళు పట్టుకున్న కుర్రాళ్ళో రావచ్చు. కాబట్టి ఏ చోటు మ్యాప్‌లో ఉండాలి, ఏది ఇంకో ఇరవై ఏళ్ళు డైరీలోనే ఉండాలి అన్నది, చదువుకున్న మనలాంటి వాళ్ళం హెరిటేజ్ వాక్‌ల ఉత్సాహంలో తేల్చేది కాదు. నివాసం అన్న గడిని నింపమని ఒకసారి చట్టమే చెప్పింది. ఈసారి ఆ గడిలో ఏం రాయాలో, అసలు గడి ఉండాలో వద్దో, అక్కడ ఉన్నవాళ్ళే చెప్పాలి.